చనిపోయిన నాన్నగారి పేరిట దఖలు దస్తావేజు, అన్నయ్య అమ్మేసిన కొబ్బరి తోట: దావా ఎలా వేయాలి?

ప్రశ్న: లంక ఆడపడుచు

పెద్దలందరికీ నమస్కారం. మాది కోనసీమలో ఒక గ్రామం. వివాహమైనప్పటి నుంచి నేను విశాఖపట్నంలో ఉంటున్నాను. మా తాతగారి భూమిని 1988లో పెదనాన్నగారూ నాన్నగారూ ఊరి పెద్దల ఎదుట నోటిమాటగా పంచుకొని, అప్పటి నుంచి ఎవరి వంతు వారు వేరువేరుగా అనుభవించారు. నాన్నగారి వంతుకు 1 ఎకరం 60 సెంట్ల పల్లపు భూమి, రోడ్డును ఆనుకొని 80 సెంట్ల కొబ్బరి తోట వచ్చాయి. రెండింటికీ పట్టాదారు పాసు పుస్తకం ఆయన పేరనే ఉంది. నాన్నగారు 2009లోనూ, అమ్మ 2017లోనూ కాలం చేశారు. ఇద్దరూ వీలునామా రాయలేదు. వారికి మేము ముగ్గురం: అన్నయ్య, నేను, చెల్లెలు.

పల్లపు భూమిని పెదనాన్నగారి అబ్బాయి మక్తాకు (ఏటా ఇంత సొమ్మని కట్టే కౌలుకు) చేస్తున్నారు. కాగితమేమీ లేదు. సార్వా ధాన్యం అమ్మగానే మక్తా సొమ్ములో మా వంతులను నా ఖాతాకూ చెల్లెలి ఖాతాకూ పంపేవారు. 2024 సంక్రాంతి ముందు పంపినదే ఆఖరు. పంపకం గురించి అడిగితే అన్నయ్య మాట దాటవేస్తున్నందున 2025 ఆగస్టులో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే పత్రం) తీయించాను. అందులో మూడు దస్తావేజులు కనిపించాయి. మొదటిది, 2021లో మా నాన్నగారే స్వయంగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వచ్చి, పల్లపు భూమి మొత్తాన్ని పెదనాన్నగారి అబ్బాయికి దఖలు పరిచినట్టు (అంటే సొమ్ము తీసుకోకుండా రాసిచ్చినట్టు) ఉన్న దస్తావేజు. రెండవది, 2022లో అన్నయ్య తానొక్కడే వారసుడినని రాసి కొబ్బరి తోటను బయటివారికి అమ్మిన విక్రయ దస్తావేజు. మూడవది, 2024 చివరలో పల్లపు భూమిలో 80 సెంట్లను పెదనాన్నగారి అబ్బాయి ఒక రొయ్యల చెరువుల వ్యాపారికి అమ్మిన దస్తావేజు.

రిజిస్టరైన దస్తావేజును తాము రద్దు చేయలేమని రిజిస్ట్రేషన్ కార్యాలయంలో చెప్పారు. ఇది సివిల్ తగాదా అని పోలీసు స్టేషనులో చెప్పారు. కోర్టుకు వెళ్లండని తహసీల్దారు కార్యాలయంలో చెప్పారు. అన్నయ్య మాత్రం ఆడపిల్లలకు పసుపు కుంకుమలు ఇచ్చి పంపించామని, ఇక వాటా ఎక్కడిదని అంటున్నాడు. 2021 నాటి దస్తావేజుకు మూడేళ్ల గడువు దాటిపోయిందని ఒకరు భయపెట్టారు. నేను ముందుగా ఏ కోర్టు మెట్లెక్కాలో, ఏమని అడగాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు: పాత గుమస్తా

అమ్మా, నేను ప్లీడరుగారి దగ్గర ముప్పై ఏళ్లు గుమస్తాగా పనిచేసినవాడిని, న్యాయవాదిని కాను. కాబట్టి నేను రాసినదాన్ని మీ వకీలుగారి ముందు పెట్టి సరిచూసుకోండి. మీరు మూడు దస్తావేజులనూ ఒకే మోసం కింద రాశారు గానీ, చట్టం దృష్టిలో అవి రెండు వేరు వేరు జబ్బులు, మందులు కూడా వేరు.

కొబ్బరి తోట సంగతి ముందు చూద్దాం. మీ అన్నగారు ఆ తోటకు హక్కుదారుడే, కాకపోతే మొత్తానికి కాదు. ఉమ్మడి హక్కుదారు తన వాటాను అమ్ముకోవచ్చు గనుక ఆ దస్తావేజు ఆయన వాటా మేరకు చెల్లుతుంది, మీ అక్కచెల్లెళ్ల వాటాలను అంటుకోదు. కొన్నవారు మీ అన్నగారి స్థానంలోకి వచ్చి నిలబడతారు తప్ప అంతకుమించిన హక్కేమీ పొందరు. దీనికి మందు భాగ పరిష్కార దావా, అంటే ఉమ్మడి ఆస్తిని వాటాల ప్రకారం విడగొట్టి ఇమ్మని కోరే దావా. ఆ దస్తావేజును రద్దు చేయమని అడగనక్కరలేదు. సుహృద్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పినట్టు, దస్తావేజు రాసిచ్చిన వ్యక్తి దాన్ని వదిలించుకోవాలంటే రద్దు కోరాలి, అందులో సంతకం పెట్టనివారు అది తమను కట్టిపడేయదని ప్రకటన కోరితే చాలు.

వాటా లెక్కలో మీకు బెంగ అక్కరలేదు. తాతగారి ఆస్తి గనుక హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ ప్రకారం కుమార్తెలు పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కుదారులు, ఆ సవరణ వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి మీ తండ్రిగారు జీవించే ఉన్నారు. జీవించి లేకపోయినా హక్కు ఉంటుందని వినీతా శర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పోనీ అది నాన్నగారి స్వంత ఆస్తే అన్నా, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం భార్యాబిడ్డలందరికీ సమానమే, అమ్మగారి వాటా ఆమె తరువాత మళ్లీ మీ ముగ్గురికే వస్తుంది. ఏ దారిన లెక్కవేసినా తలా మూడో వంతు, అంటే విస్తీర్ణంలో తలా 80 సెంట్లు. పసుపు కుంకుమలు ఇచ్చామన్న మాట కోర్టులో నిలవదు. మీరు హక్కు వదులుకున్నట్టు రిజిస్టరైన విడుదల దస్తావేజు ఉంటే తప్ప ఆడపడుచు వాటా ఎక్కడికీ పోదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ అన్నగారు అమ్మింది సరిగ్గా 80 సెంట్లే. కొన్నవారు రేపు కోర్టులో తమ విక్రేతకు వచ్చే వాటా కూడా అంతే గనుక తోటను ఆయన వంతులో వేసి తమకు వదిలేయమని అడుగుతారు, కోర్టులు సాధారణంగా అలాంటి కోరికను మన్నిస్తాయి కూడా. అయితే వాటాలు సెంట్లను బట్టి కాక విలువను బట్టి సమానంగా ఉండాలి. రోడ్డు పక్క కొబ్బరి తోటా, వాన కొడితే మురుగు దిగని పల్లమూ ఒకే ధర పలకవని మన వైపు ఎవరికైనా తెలుసు. ఆ తేడాకు సొమ్ము రూపంలో సర్దుబాటు కావాలని మొదటినుంచీ మీ వాదపత్రంలోనే రాయించండి.

ఇక పల్లపు భూమి. 2009లో చనిపోయిన మనిషి 2021లో దస్తావేజు రాయలేడు. అది రద్దు కావలసిన దస్తావేజు కాదు, పుట్టనే పుట్టని దస్తావేజు. దాని నుంచి కొన్న రొయ్యల చెరువు ఆసామి, తాను సద్బుద్ధితో పూర్తి ధర ఇచ్చి కొన్నానని ఎంత చెప్పుకున్నా, లేని హక్కు ఆయనకు రాదు. అక్కడ కోరవలసినవి హక్కు ప్రకటన, ఆ రెండు దస్తావేజులూ మిమ్మల్ని కట్టిపడేయవన్న ప్రకటన, స్వాధీనం, నిషేధాజ్ఞ.

గడువు గురించి మిమ్మల్ని భయపెట్టినవారు సగమే చెప్పారు. 1963 నాటి కాలపరిమితి చట్టం 59వ ఆర్టికల్‌లో మూడేళ్లు మొదలయ్యేది దస్తావేజు పుట్టిన రోజు నుంచి కాదు, మోసం సంగతి మీకు మొదట తెలిసిన రోజు నుంచి. రిజిస్ట్రేషన్ జరిగితే లోకానికంతా తెలిసినట్టేనని అవతలివారు వాదిస్తారు గానీ, ఆస్తి బదిలీ చట్టంలోని ఆ నియమం ఆ తరువాత ఆస్తిని కొనేవారి కోసం పెట్టినది, అప్పటికే హక్కుదారులైనవారు ఏటేటా ఈసీ తీసి చూసుకుంటూ ఉండాలని దాని అర్థం కాదు. హక్కును బట్టి స్వాధీనం కోరడానికి 65వ ఆర్టికల్ కింద పన్నెండేళ్లు ఉంది. అయినా నా సలహా ఒక్కటే: 2025 ఆగస్టు నాటి ఈసీ రసీదును భద్రంగా దాచండి, 2028 ఆగస్టు మాట మరచిపోయి ఈ ఏడాదిలోనే దావా వేయండి. ఆలస్యమైన కొద్దీ చేతులు మారే భూమి ఇది.

క్రిమినల్ కేసులోనూ ఈ తేడానే పట్టుకోవాలి. తనది కాని ఆస్తిని తనదని చెప్పి తన సంతకంతోనే అమ్మినవాడు మరొకరికి ఏమైనా నష్టం చేసి ఉండవచ్చు గానీ, అది దొంగ దస్తావేజు సృష్టించిన నేరం కిందికి రాదని మహమ్మద్ ఇబ్రహీం కేసులో 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మీ అన్నగారి అమ్మకం మీద ఫోర్జరీ కేసు నిలవదు. దఖలు దస్తావేజు అలా కాదు. అక్కడ మరొక మనిషిని మీ నాన్నగారిగా నిలబెట్టారు. అది 2021 నాటి నేరం గనుక పాత శిక్షాస్మృతి 419, 420, 467, 468, 471 సెక్షన్లే వర్తిస్తాయి, వాటికి తోడు రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ ఉంది. స్టేషనులో తీసుకోకపోతే జిల్లా ఎస్పీగారికి రాతపూర్వకంగా పంపండి, అప్పటికీ కదలకపోతే కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 175(3) కింద మేజిస్ట్రేటును ఆశ్రయించండి. ఒకే ఫిర్యాదులో అన్నగారి అమ్మకాన్నీ దీన్నీ కలిపి రాస్తే, మొత్తం కుటుంబ తగాదాగా కనిపించి అసలు నేరం పక్కకు పోతుంది.

ఈ కారణంగానే రెండు దావాలు వేయడం మేలని నా అభిప్రాయం: అన్నగారి మీద భాగ పరిష్కారం ఒకటి, పెదనాన్నగారి అబ్బాయి మీద హక్కు ప్రకటన మరొకటి. రెండో దావాలో మీ అన్నగారు మీ పక్షాన వాదిగా నిలబడవలసినవారు కదా.

జవాబు: విశ్రాంత దస్తావేజు లేఖరి

పాత గుమస్తాగారు చట్టం బాగా చెప్పారు. నేను కాగితాల సంగతి చెబుతాను, ఎందుకంటే ఈసీ అనేది తలుపు మీది పేరు పలక లాంటిది, లోపల ఏముందో దస్తావేజు నకలు తెప్పిస్తే గానీ తెలియదు.

సోదరీ, మూడు దస్తావేజులకూ ధ్రువీకరించిన నకళ్లకు దరఖాస్తు చేయండి. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కే ఒకటో పుస్తకంలోని నకలు రుసుము కట్టిన ఎవరికైనా ఇవ్వాలని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది, మీరు వారసులమని నిరూపించుకోనక్కరలేదు. దఖలు దస్తావేజు నకలులో మూడు చోట్ల చూడండి. మొదటిది ఫోటో: 2001లో చేర్చిన 32-ఏ సెక్షన్ వల్ల రాసిచ్చినవారి ఫోటో, వేలిముద్ర దస్తావేజుకు అంటి ఉంటాయి గనుక మీ నాన్నగారి స్థానంలో నిలబడిన మనిషి ముఖం అక్కడ ఉంటుంది. రెండవది, దస్తావేజు చివర సంతకం చేసిన సాక్షులు. మూడవదే అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది చూడనిది: రాసిచ్చిన మనిషిని మేము ఎరుగుదుము అని సబ్ రిజిస్ట్రారు ఎదుట చెప్పి సంతకం పెట్టిన గుర్తింపు సాక్షులు. రాసిన మాటలను చదవకుండా సాక్షి సంతకం పెట్టానని ఎవరైనా తప్పించుకోవచ్చు గానీ, ఈయనే ఫలానా ఆయన అని గుర్తు చెప్పినవాడు అంత తేలికగా తప్పించుకోలేడు.

ఆ వేలిముద్ర మీ నాన్నగారిది కాదని నిరూపించడానికి నిపుణులు అక్కరలేదు, పంచాయతీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం చాలు. అది ఎవరి వేలిముద్రో తేల్చడం పోలీసుల పని.

మీ గ్రామంలో రీసర్వే పూర్తయిందా అన్నది కూడా కనుక్కోండి. పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీఎం (కమతం పటం) నంబర్లు వచ్చాయి. ఒక్క నంబరుతో ఈసీ వెతికితే సగమే కనిపిస్తుంది, వాదపత్రం షెడ్యూలులో పాత, కొత్త నంబర్లు రెండూ, నాలుగు హద్దులూ లేకపోతే తరువాత డిక్రీ అమలులో ఇబ్బంది పడతారు. అడంగల్, 1బి అనే రెవెన్యూ రికార్డుల ప్రతులు ఇప్పటి స్థితిలోవి తీసి పెట్టుకోండి. వాటిలో అవతలివారి పేరు ఎక్కి ఉంటే ఆర్డీవోగారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు గానీ, రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు రాదు, పేరు పోయినంత మాత్రాన హక్కు పోదు. హక్కు తేల్చవలసింది సివిల్ కోర్టే.

రిజిస్ట్రేషన్ కార్యాలయంవారు రద్దు చేయలేమన్నది మాత్రం నిజమే, వారిని తప్పుపట్టకండి. ఒకసారి రిజిస్టరైన దానిని సబ్ రిజిస్ట్రారు తనంతట తాను చెరిపేయలేరని 2016లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీరిచ్చే అభ్యంతర పత్రం కూడా తదుపరి అమ్మకాన్ని ఆపదు, కోర్టు నిషేధాజ్ఞ నకలును అక్కడ దాఖలు చేస్తేనే ఆగుతుంది.

జవాబు: బోదె గట్టు రైతు

నాకు సెక్షన్లు తెలియవు గానీ మా ఇంటి అనుభవం చెబుతాను, ఎందుకంటే ఈ చెల్లెమ్మ భూమిలో కొంత భాగం రొయ్యల చెరువు ఆసామి చేతిలో పడిందన్న మాట నన్ను కలవరపెట్టింది. భీమవరం వైపు మా బంధువుల భూమి ఇలాగే తగాదాలో ఉండగా, దావా వేసిన నాలుగు నెలలకే అవతలివారు పొక్లెయిన్ దింపి రెండు కమతాలను కలిపి చెరువు తవ్వేశారు. గట్లు పోయాయి, బోదె పోయింది, హద్దు రాయి ఎక్కడుందో చెప్పగలవారు లేరు. తరువాత కోర్టు నియమించిన కమిషనరుగారు సర్వేయరును వెంటబెట్టుకొని వచ్చి నీళ్ల మధ్య గొలుసు లాగవలసి వచ్చింది, అది తేలడానికే ఏళ్లు పట్టింది. ఉప్పునీరు పెట్టిన నేలలో మళ్లీ వరి పండించడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత దావాతో పాటే, అదే రోజున, రెండు అర్జీలు వేయించమ్మా: అమ్మకూడదు, భూమి స్వరూపం మార్చకూడదు అని తాత్కాలిక నిషేధాజ్ఞ కోసం ఒకటి, ఉన్న స్థితిని రాసుకొని రావడానికి అడ్వొకేట్ కమిషనరును పంపమని మరొకటి. దాళ్వా కోతలు అయి నేల ఆరిన రోజుల్లో తవ్వకాలు మొదలవుతాయి, అంతకు ముందే ఆ కాగితాలు చేతిలో ఉండాలి. ఫోన్లో తేదీ పడేలా నాలుగు గట్లనూ ఫోటోలు తీసి ఉంచుకో.

మరొక్క మాట. నీ ప్రశ్నలో మక్తా సంగతి ఏదో మామూలు విషయంలా రాసి వదిలేశావు. 2021లో భూమి తనకు దఖలు పడిందనే మనిషి 2022లో, 2023లో, 2024 సంక్రాంతికి కూడా నీ ఖాతాకు మక్తా సొమ్ము ఎందుకు వేశాడు? స్వంత భూమికి ఎవరైనా మక్తా కడతారా?

జవాబు: పాత గుమస్తా

రైతుగారు నా కళ్లు తెరిపించారు. ఆ బ్యాంకు జమలు మీ కేసులో మరణ ధ్రువపత్రం తరువాత అంతటి సాక్ష్యం. దస్తావేజు గురించి మీకు 2021లోనే తెలుసన్న వాదనను కూడా అవే కొట్టేస్తాయి, మక్తా అందుతున్నంత కాలం మీకు అనుమానం రావలసిన పనే లేదు గదా. 2021 నుంచి ఖాతా వివరాలను బ్యాంకు ముద్రతో తీసుకోండి.

అయితే అందులో ఒక గుంట కూడా ఉంది. మన ప్రాంతానికి ఏళ్ల తరబడి 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం వర్తించేది, ఇప్పుడు అది అమలులో ఉందో లేదో మీ వకీలుగారినే అడగండి. ఆయన కౌలుదారుడేనని మీరు రాస్తే, కౌలుదారును తొలగించే అధికారం ఆ చట్టం కింది ప్రత్యేక అధికారిదే, మామూలు సివిల్ కోర్టుది కాదని అడ్డుపుల్ల వేస్తారు. అందుకని మక్తా మాట దాచిపెట్టమని నేననను, దాచితే బ్యాంకు జమలను ఏ ముఖంతో చూపిస్తారు? భూస్వామి హక్కునే బుద్ధిపూర్వకంగా కాదనడం ఆ చట్టంలో కౌలుదారు తొలగింపుకు ఒక కారణం. కాబట్టి హక్కు ప్రకటన సివిల్ కోర్టులో కోరుతూ, స్వాధీనం ఏ దారిలో అడగాలన్నది వకీలుగారు బాగా ఆలోచించి రాయవలసిన పేరా. హడావిడిలో రాసే పేరా కాదు.

కోర్టు రుసుము కూడా ఇలాంటి మాటల మీదే ఆధారపడుతుంది. మీరు ఉమ్మడి స్వాధీనంలో ఉన్నారని చెప్పే భాగ పరిష్కార దావాకు కొద్దిపాటి స్థిర రుసుము సరిపోతుంది, మిమ్మల్ని బయటకు నెట్టేశారని రాస్తే వాటా విలువ మీద కట్టాలి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది, మీకు దగ్గరి కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవా కమిటీలో అడగండి. అన్నగారితో భాగాల విషయం లోక్ అదాలత్‌లో రాజీపడగలిగితే రుసుము వెనక్కి వస్తుంది, అక్కడిచ్చే తీర్పు (అవార్డు) మీద అప్పీలు ఉండదు. ప్రాథమిక డిక్రీ, మళ్లీ కమిషనరు, మళ్లీ తుది డిక్రీ అని తిరిగే శ్రమ తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు: లంక ఆడపడుచు

అందరికీ కృతజ్ఞతలు. నకళ్లు నిన్న చేతికి వచ్చాయి. దఖలు దస్తావేజు మీద ఉన్న ముఖం మేమెరిగినవారిది కాదు. నాన్నగారి వయసు మనిషి ఎవరో తెల్ల చొక్కా వేసుకొని ఉన్నారు. వేలిముద్ర వేశారు. మా నాన్నగారు ఏనాడూ వేలిముద్ర వేయలేదు, సొసైటీ అప్పు కాగితాల మీద కూడా పూర్తి పేరు రాసి సంతకం పెట్టేవారు.

లేఖరిగారు చెప్పినట్టు మూడో చోటు కూడా చూశాను. గుర్తింపు సాక్షుల్లో ఒకరి పేరు ఇక్కడ రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఆ సంతకం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్న సంతకం, నా పదో తరగతి మార్కుల పత్రం తెచ్చినప్పుడు బడిలో నాన్నగారికి బదులు పెట్టిన సంతకం. ఆ పరాయి మనిషిని మా నాన్నగారని గుర్తు చెప్పింది మా ఇంటి మనిషే. ఆ తరువాతి సంవత్సరమే తోట అమ్మకం జరిగింది. పల్లం ఒకరికి, తోట ఒకరికి అని ముందే అనుకున్నారని ఇప్పుడు అర్థమవుతోంది. చెల్లెలికి ఇంకా చెప్పలేదు.

జవాబు: పాత గుమస్తా

అమ్మా, అలాగైతే నేను ముందు రాసినదానిలో రెండు మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. రెండు జబ్బులు వేరన్నాను, అవి ఒకే బేరంలో రెండు భాగాలని మీ నకలు చెబుతోంది. అందుచేత రెండు దావాలు వద్దు. పల్లం, తోట, ఊళ్లో ఇల్లు ఉంటే దానితో సహా ఉమ్మడి ఆస్తి అంతా ఒకే భాగ పరిష్కార దావాలో పెట్టి, అన్నగారినీ పెదనాన్నగారి అబ్బాయినీ ఇద్దరు కొనుగోలుదార్లనూ ప్రతివాదులుగా చేర్చి, మూడు దస్తావేజులూ మీ అక్కచెల్లెళ్ల వాటాలను కట్టిపడేయవన్న ప్రకటన అందులోనే కోరండి. పల్లంలో స్వాధీనం గురించి కౌలుదారీ చట్టం మాట నేను ముందు రాసినట్టే ఉంటుంది. లోక్ అదాలత్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

క్రిమినల్ ఫిర్యాదులో తోట అమ్మకం గురించి రాయకండి, నేను చెప్పిన కారణం అలాగే ఉంది. దఖలు దస్తావేజు గురించి మాత్రం ఉన్నది ఉన్నట్టు, గుర్తింపు సాక్షుల పేర్లతో సహా రాయాలి. ఒక పేరు మినహాయించి రాసిన ఫిర్యాదును రేపు మీ మీదికే తిప్పుతారు. ఆ పేరు రాయాలా వద్దా అన్నది మీరూ మీ చెల్లెలూ కూర్చొని తేల్చుకోవలసిన విషయం, కాబట్టి ముందు ఆమెకు చెప్పండి. ఆమె కూడా వాదిగా చేరాలి. చేరనంటే ఆమెను ప్రతివాదిగానైనా చేర్చక తప్పదు, వాటాదారులందరూ లేని భాగ పరిష్కార దావా నిలవదు.

ప్రశ్న అడిగినవారు: లంక ఆడపడుచు

రేపు ఉదయం చెల్లెలి ఊరికి బయలుదేరుతున్నాను. నకలు వెంట తీసుకువెళుతున్నాను.